వానకు మూసుకోని నెర్రె

ముగిలుబెట్ట క్యాంపు,
మార్చి 9.

అక్కకు, వీరేష్ దండాలు.

క్షేమంగా చేరాను. ఆ ముక్క ఫోన్లో చెప్పి ఏడవొచ్చు కదా అంటావని తెలుసు. ఈ కొండ మీద సిగ్నల్ లేదు. టవర్ కట్టారు కానీ దానికి తీగలు అల్లుకుపోయి ఇప్పుడది పందిరిలా ఉంది. వారానికోసారి కూరగాయల కోసం కిందికి దిగే జీపులో ఉత్తరాలు పోతాయి, వస్తాయి. పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పేదానివి, తపాలా వ్యవస్థ ఇంకా బతికే ఉందని ఇకనుంచి ధైర్యంగా చెప్పు.

ముగిలు అంటే కన్నడంలో మబ్బు, మన మొగులే. కోయిలకుంట్లలో మొగులు పడితే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి చూస్తారు. ఇక్కడ మొగులే ఇంట్లోకొచ్చి మనల్ని చూసి పోతుంది. వచ్చి వారం కాలేదు, పెట్టెలో చొక్కాలకు బూజు పట్టింది, బెల్టు మీద నాచు మొలిచింది. ఇది ఎండాకాలమట! జలగల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన వీధికొచ్చే ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా రెండుసార్లు పొమ్మంటే పోతాడు, ఇవి పోవు.

నేను వచ్చిన పనేమిటో మళ్లీ చెబుతాను, నవ్వకు. ఈ కొండ వాలు మీద వాననీళ్లు జారిపోకుండా అడ్డంగా కందకాలు తవ్వించి, కట్టలు పోయించాలి. అవును, ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే కొండ మీదే. పథకం దేశమంతటికీ ఒకటే కదా. పులివెందుల దగ్గర రాళ్లగుట్టకు ఏ కొలతో ఈ అడవికీ అదే కొలత. కరువు నేలలో కందకాలు తవ్వించిన అనుభవం ఎవరికుందని మా సంస్థలో వెతికి, మా పెద్దసారు జ్ఞానరాజు గారు నన్ను పట్టుకున్నారు. వానలకు ముందే పని అయిపోయి, ఆగస్టు తనిఖీలో కందకాలు నిండుగా కనబడితే నా ఉద్యోగం పర్మనెంటు. ఇన్నేళ్ల కాంట్రాక్టు బతుకు తర్వాత ఈ మాట విన్నాక, సముద్రంలో ఇంకుడు గుంత తవ్వమన్నా తవ్వుతాను.

రిపోర్టులో ఒక అధ్యాయం కూడా నేనే రాయాలి. ఈ కొండ ప్రకృతి చరిత్ర, మానవ చరిత్ర. నీకు చేతనైన పని నాకొచ్చి పడింది చూడు.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
వీరేష్


కోయిలకుంట్ల,
మార్చి 19.

చిరంజీవి వీరేష్‌కు, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం తడిగా వచ్చింది. విప్పి బల్ల మీద ఆరబెడితే మన వీధి ఆడవాళ్లంతా వచ్చి ముట్టుకుని చూసి పోయారు. ఇక్కడ తడి అనేది చూసి శానా రోజులైంది కదా.

వానలో తడిసేవాళ్లకు నీళ్లు ఆపడం నేర్పడానికి నిన్ను పంపినవాళ్లు చల్లగా ఉండాలి. బోడిగుండుకు దువ్వెన అమ్మడం కూడా ఒక విద్యే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన ఇంటి వెనక నువ్వు తవ్వించిన ఇంకుడు గుంత గుర్తుందా? నీ తప్పేమీ లేదు, నీళ్లు వస్తే అది ఇంకించేదే. రాకపోయేసరికి ఏంచేస్తుంది పాపం, కోళ్లకు పడకగది అయింది.

మన జిల్లా పేరు మారింది, ఆఫీసుల బోర్డులు మారాయి, కొళాయి మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది. ట్యాంకరు వచ్చిన రోజు స్కూల్లో సగం మంది పిల్లలు రారు, బిందెల వరసలో ఉంటారు. మీ బావ శేషన్న నీ ఉత్తరం చదివించుకుని, "మీ తమ్మునికి రాయి, ఆడ నీళ్లు శానా ఉండాయంట గదా, ఒక ట్యాంకరు ఇట్ల తోలమను" అన్నాడు. రాశాను.

నువ్వు పర్మనెంటు కాబోతున్నావని స్కూల్లో చెప్పాను. అప్పుడే చెప్పొద్దంటావేమో, ఆలస్యమైంది. నిన్న కూరగాయలామె నన్ను "ఇంజినీరు అక్క" అంది. నా చేతికి పుచ్చు వంకాయలు రాకుండా పోయింది ఆ ఒక్క మాటతో. కాబట్టి బుద్ధిగా తవ్వు.

చరిత్ర అధ్యాయం రాసేటప్పుడు "అనాదిగా" అని మొదలుపెట్టకు. ఏమీ తెలియనివాళ్లే అలా మొదలుపెడతారు.

అక్క,
శివజ్యోతి


ముగిలుబెట్ట క్యాంపు,
ఏప్రిల్ 11.

అక్కకు దండాలు.

"అనాదిగా" కొట్టేశాను. మూడు వారాలుగా అడవి చూసి, జనాన్ని అడిగి తెలుసుకున్న చరిత్ర ఇది. నువ్వు దిద్దితే రిపోర్టులో వేస్తాను.

మొదట చెట్లున్నాయి. వాటి వేర్లు నేలపైకి గోడల్లా లేచి ఉంటాయి, రెండు వేర్ల మధ్య ఒక బర్రెను కట్టేసి ఆకు కప్పితే పాకే. పైన కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎండ నేల దాకా దిగదు. ఎప్పుడైనా ఒక ముసలి చెట్టు పడిందా, ఆ సందులోంచి వచ్చే ఎండ కోసం మొక్కల మధ్య జరిగే తన్నులాట మన నంద్యాల బస్సులో సీటుకు తువ్వాలు వేసే యుద్ధమే. పెద్ద ముక్కు పక్షి ఒకటుంది ఇక్కడ. ఆడది చెట్టుతొర్రలో గుడ్లు పెట్టుకుని తలుపు మట్టితో మూసేసుకుంటే, మగది నెలల తరబడి పండ్లు తెచ్చి సందులోంచి నోటికందిస్తుంది. ఈ వాక్యం బావకు రెండుసార్లు చదివి వినిపించు.

తర్వాత మనుషులు. కొండజనం ఎప్పటినుంచి ఉన్నారో ఎవరూ రాసిపెట్టలేదు, కాబట్టి ప్రభుత్వం లెక్కలో వాళ్లు ఈమధ్యే వచ్చారు. తేనె, మిరియాలు, యాలకులు కిందికి దించి ఉప్పు, బట్ట పైకి మోసుకునేవాళ్లు. తర్వాత తెల్లదొర వచ్చాడు. ఇంత అడవిని చూసి "ఖాళీగా ఉంది" అన్నాడట. కొట్టేసి కాఫీ పెట్టాడు. కాఫీకి తెగులు వచ్చింది, దొరకు జ్వరం వచ్చింది. ఇప్పుడు బంగళా గోడ ఒకటి, సమాధి ఒకటి మిగిలాయి. రెంటి మీదా అడవే ఉంది. తర్వాత స్వతంత్రం వచ్చింది, మనవాళ్లు వచ్చారు. మళ్లీ మొలిచిన అడవిలో పనికొచ్చే చెట్లు లేవని కనిపెట్టి, ఈ వాలు వాలంతా నరికి అగ్గిపుల్లల చెట్లు నాటారు. అవి బతకలేదు. ఆ తర్వాత అడవి పాడవడానికి కారణం కొండజనమేనని తేల్చి, వాళ్లను పైనుంచి దించి వాలు కింద ఇళ్లు కట్టించారు. ఆ ఊరి పేరు హొసమనె, అంటే కొత్తిళ్లు. ప్రతివాడూ ఈ కొండను బాగుచేయడానికే వచ్చాడక్కా. ఇప్పుడు నేనొచ్చాను.

పని చకచకా సాగుతోంది. హొసమనెకు నేరుగా పైనున్న బోడివాలు మీదే తవ్విస్తున్నాను. క్యాంపులో మాకు వండిపెట్టే గిడ్డమ్మది ఆ ఊరే, ఊరికి ఆమె మాటే పెద్ద. మన ఆదోని అవ్వ పుణ్యమా అని నాకు కన్నడం వచ్చు కాబట్టి ఆమె నాతోనే ఎక్కువ మాట్లాడుతుంది, అంటే ఎక్కువ తిడుతుంది. వీళ్లకొక ఆచారం ఉంది, విను. వానలకు ముందు ఒకరోజు ఇంటికొకరు పార పట్టుకుని వాలెక్కి, నీళ్లు దిగే దారులన్నీ తోడి, ఆకు, రాయి, కొమ్మ తీసేసి వస్తారు. ఆ రోజు ఊళ్లో పొయ్యి వెలిగించరు. నీళ్లను సాగనంపడమట అది! మనం కూతుర్ని సాగనంపినట్టు వీళ్లు నీళ్లను సాగనంపుతారు. మన ఊళ్లో ఎవడైనా ఆ మాటంటే చెట్టుకు కట్టేస్తారు.

ఆ దారులన్నిటికీ మా కందకాలు అడ్డం పడ్డాయి. గిడ్డమ్మ పనిచోటికే వచ్చింది. ఆమె మాట మన మాటలో చెబితే ఇట్లుంటుంది: "నీళ్లు యాడికి పోవల్లప్పా?"

"యాడికీ పోకూడదు గిడ్డమ్మా, అదే పథకం" అన్నాను.

ఆమె నా మొహం చూసి పోయింది, ఆ పూట చారులో ఉప్పు వేయలేదు.

నీ తమ్ముడు,
వీరేష్


కోయిలకుంట్ల,
ఏప్రిల్ 22.

చిరంజీవి వీరేష్‌కు,

అధ్యాయం బాగుంది. బాగుంది కాబట్టి రిపోర్టులో వేయరు. దొర, సర్కారు మాట తీసేసి పక్షిని ఉంచు.

పక్షి సంగతి మీ బావకు రెండుసార్లే చదివాను. "ఆ మగపక్షికి శెనగ చేను లేదు గదా, తీరిక ఉండాది" అన్నాడు. తలుపు మూసుకునే సౌకర్యం నాకు నచ్చింది.

నీళ్లను సాగనంపే ఊరా! టీచర్ల గదిలో చెబితే ఎవరూ నమ్మలేదు. ఎక్కువైతే ఎంత చులకనో చూడు. కాలువ కింద చివరి మడి గలవాణ్ణి ఒకణ్ణి అక్కడికి పంపితే ఆ పారలు లాక్కుని ఏడుస్తాడు. నువ్వు వాళ్ల మాట వినకు. ఉప్పు లేని చారు తాగినవాళ్లెవరూ చావలేదు, పర్మనెంటు కాక చచ్చినవాళ్లను మాత్రం మన బంధువుల్లోనే చూపిస్తాను.

అక్క


ముగిలుబెట్ట క్యాంపు,
మే 17.

అక్కకు,

కందకాలు పూర్తయ్యాయి. ముందుజల్లులకే సగం నిండాయి. వాలు మీద వరస వరసగా నీళ్లు తళతళలాడుతుంటే చూసి, నిజం చెప్పొద్దూ, నా కళ్లు తడిసాయి. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నేను తవ్వించిన గుంతలో నీళ్లు చూడటం ఇదే మొదటిసారి. వీళ్లకేం తెలుసు ఆ సంతోషం?

రెండు రోజులు నిలిచింది. మూడోరోజు పోయి చూస్తే కట్టలకు గండ్లు! ఎవరో పారతో నీటుగా కోసి, నీళ్లన్నీ వంకలోకి వదిలేశారు. పూడ్పించాను, మళ్లీ కోశారు. కాపు కాస్తే గిడ్డమ్మ తమ్ముడు చౌడ, ఇంకొకతను దొరికారు. పారలు దాచుకోనైనా లేదు, పట్టపగలే.

"ఏమప్పా, నీళ్లు దొంగతనం చేస్తాండారా?" అన్నాను.

చౌడకు అర్థమే కాలేదు. "నీళ్లు ఎవరన్నా దొంగతనం చేస్తారా?" అని నన్నే అడిగాడు.

నాకు తెలియదా? వాలు కింద గిడ్డమ్మకు వక్కతోట ఉంది. పైనుంచి నీళ్లు వదిలితే ఎవరి తోట తడుస్తుంది? ఆమెను అడిగితే, "తోటకు నీళ్లెందుకప్పా, ఉన్నవి పోతే సాలు. కొండ నీళ్లు తాగితే బరువైతాది. బరువైతే కూచుంటాది" అంది. కొండ కూచోవడమేమిటి? పుట్టినప్పటినుంచీ నిలబడి కాళ్లు నొప్పులా? అని నేను నవ్వితే ఆమె నవ్వలేదు.

జ్ఞానరాజు సారు స్టేషన్లో కంప్లయింటు ఇమ్మంటున్నారు. ప్రభుత్వ పని పాడుచేశారని కేసు. కాగితం ఉంటే రేపు మనకే మంచిదట. నేనింకా ఇవ్వలేదు. ఆమె చేతి కూడు తింటున్నాను కదా, మనసు ఒప్పట్లేదు. నువ్వేమంటావు?

నీ తమ్ముడు


కోయిలకుంట్ల,
మే 24.

వీరేష్‌కు,

ఇది కూడా అడగాలా? ఎవరి ఊరి బిడ్డవురా నువ్వు?

గండి కొట్టినవాడు నీళ్లదొంగ. దీనికి కన్నడం, తెలుగు తేడా లేదు. మన పెద్దన్న మామ మడి కాడ గండి కొట్టినవాళ్ల ఇంటికీ, మామ ఇంటికీ ఈనాటి వరకు పెళ్లిపిలుపుల్లేవు, చావుకబుర్లు కూడా లేవు. ఆ రోజు మామ మెత్తగా ఊరుకున్నందుకే మరుసటేడు మళ్లీ కొట్టారు. "తోటకు నీళ్లెందుకప్పా" అందా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. కొండ కూచుంటుందని చెప్పి నిన్ను కూచోబెట్టేలా ఉంది ఆ మహాతల్లి.

మీ బావ కూడా అదే మాట. "ఊరికే ఇడిస్తే రేపు కట్టంతా తెంపుతారు. కేసు పెట్టమను" అన్నాడు. ఆయనా నేనూ ఒక్కమాట మీదకు రావడం పెళ్లయ్యాక ఇది రెండోసారి.

కేసు పెట్టు. కూడు ఎవరైనా వండుతారు.

అక్క


ముగిలుబెట్ట క్యాంపు,
జూన్ 10.

అక్కకు,

నీ ఆజ్ఞ అమలైంది. కంప్లయింటు ఇచ్చాను. చౌడనూ, ఆ రెండో అతన్నీ తీసుకుపోయారు. బెయిలుకు నిలబడే స్థోమత ఆ ఊళ్లో ఎవరికీ లేదు కాబట్టి ఇద్దరూ తాలూకా జైల్లో ఉన్నారు. కట్ట ముట్టుకున్నవాళ్లకు ఇదే గతి అని ఊళ్లో నేనే నిలబడి చదివి వినిపించాను. ఈ ఏడు నీళ్లను సాగనంపే పండుగ జరగలేదు. పారలన్నీ ఇళ్లలోనే ఉన్నాయి.

గిడ్డమ్మ వంటకు రావడం మానేసింది. నేనే వండుకుంటున్నాను. ఉప్పు సమపాళ్లలో ఉంటోంది, తినబుద్ధి కావట్లేదు.

వానలు దిగాయి. వాన అంటే మనం అనుకునేది కాదక్కా, ఇది ఎవరో పైన మరిచిపోయిన కొళాయి. కందకాలన్నీ అంచుల దాకా నిండాయి. ఫోటోలు పంపితే జ్ఞానరాజు సారు "శభాష్" అని కబురు పెట్టారు. తనిఖీ దాకా ఇలాగే నిలిస్తే చాలట. నిలుస్తాయి. కట్టలు గట్టిగా ఉన్నాయి, ఒక్క చుక్క జారట్లేదు.

ఒక చిన్న సంగతి. పై వరస కందకానికి ఇంకా పైన, నేలలో నెర్రె ఒకటి పడింది. వాలుకు అడ్డంగా, పొడవుగా ఉంది. కూలీలు చూసి ఏదో గుసగుసలాడారు గానీ నాకు నవ్వొచ్చింది. నెర్రెలు చూసి భయపడితే మనం నల్లరేగడిలో ఎలా పెరిగేవాళ్లం? చిన్నప్పుడు శెనగ చేలో నెర్రెల్లో మన కాళ్లు దూరేవి. ఈ పరాయి ఊళ్లో మనవాడెవడో కనిపించినట్టు, ఆ నెర్రె పక్కన కాసేపు నిలబడి వచ్చాను. మొన్న వేలు పట్టేది, నిన్నటికి చెయ్యి పడుతోంది.

నీ తమ్ముడు


కోయిలకుంట్ల,
జూన్ 18.

ఒరే వీరేష్,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. జైలు సంగతి మీద నాలుగు మాటలు అనాలని మొదలుపెట్టి, చివర నెర్రె దగ్గరికొచ్చి ఆగిపోయాను.

మన నెర్రె ఎండకు పడుతుంది. నాలుగు చినుకులు పడగానే రేగడి ఉబ్బి మూసుకుపోతుంది. అందుకే కదా మనకు భయం లేదు. నీది వానలో పడింది, వానకు పెద్దదవుతోంది. వానకు మూసుకోని నెర్రె ఎక్కడైనా విన్నామా? మీ బావకు చదివితే తింటున్న ముద్ద వదిలేసి లేచాడు. "అది నెర్రె కాదు, నేల తెగుతాండాది. మీ తమ్ముణ్ణి ఆడినుంచి రమ్మను, ఆ ఊరోళ్లను లేపమను" అన్నాడు.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. చెబుతామన్నారు. మళ్లీ చేశాను. సార్ మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి ఎత్తలేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి వారమవుతుందని తెలిసీ రాస్తున్నాను, ఇంకేం చేయాలో తెలియట్లేదు. కట్టలు కొట్టెయ్యిరా. ఆగస్టు వద్దు, ఏమీ వద్దు. నీ కింద ఒక ఊరుంది.

అక్క


కింది ఊరి బడి,
జూన్ 23.

అక్కకు,

నీ దగ్గరినుంచి ఉత్తరమేదీ రాలేదు. రోడ్డు తెగింది. ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు. నేను బతికే ఉన్నాను, హొసమనెలో అందరూ బతికే ఉన్నారు. ముందు అది చదువుకుని ఊపిరి పీల్చుకో.

పంతొమ్మిదో తేదీ పొద్దున నెర్రెను చూడటానికి పోయాను. నా కాలు మోకాలి దాకా దిగబడింది. కింద బురదనీళ్ల చప్పుడు వినబడుతోంది. వాన ఆగకుండా పడుతోంది, అదేమో మూసుకోకుండా నోరు తెరుస్తోంది. అప్పుడు తట్టింది నా బుర్రకు, మన చేలో నెర్రె వానకు మూసుకుంటుంది కదా అని. ఇన్నేళ్ల చదువుకు, అనుభవానికి, ఆ ఒక్క ముక్క తట్టడానికి మోకాలు దిగబడాల్సి వచ్చింది. కందకాల్లోని నీళ్లన్నీ కొండ తాగేసిందక్కా. నేనే పోసి పోసి తాగించాను.

పార తీసుకుని కట్ట కొట్టడం మొదలుపెట్టాను. ఒక్కణ్ణి. ఎంతకని కొడతాను? కిందికి పరుగెత్తి రండి, రండని అరిచాను. ఊరంతా బయటికొచ్చి నిలబడింది. ఒక్కరూ కదల్లేదు.

గిడ్డమ్మ అంది, "ఆ కట్ట ముట్టుకుంటే జైలని చదివి చెప్పినావు గదప్పా. మా వాళ్లు ఇద్దరు ఆడనే ఉండారు. ఇంకెవర్ని పంపల్ల?"

దండం పెట్టాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. పిల్లల్నీ ముసలోళ్లనీ అవతలి గట్టుకు తోలండి, మీరు నమ్మకపోయినా అదొక్కటి చేయండి అని చెప్పి, మళ్లీ వాలెక్కి నా కట్ట నేనే కొట్టుకుంటున్నాను. కాసేపటికి పక్కన ఇంకో పార చప్పుడు. గిడ్డమ్మ. వెనకాల ఊరు ఊరంతా. ఎక్కడ కొట్టాలో నన్ను ఎవరూ అడగలేదు.

కింది వరసలన్నీ తెరిచాం. పై వరసకు పోతుంటే నేల సన్నగా వణికింది. గిడ్డమ్మ అందరినీ గట్టు మీదికి తరిమింది. మేం చూస్తుండగానే వాలు పైముక్క, చెట్టూ చేమతో సహా, నిలబడినది నిలబడినట్టే కిందికి దిగింది. నేను నవ్వాను కదా కొండ కూచోవడమేమిటని. అదిగో, కూచుంది. ఊరి మధ్యలో దారి చేసుకుని వంకలోకి పోయింది. అటుపక్క ఇళ్లు నిలిచాయి. ఇటుపక్క ఇళ్లు లేవు. గిడ్డమ్మ ఇల్లు, చౌడ ఇల్లు, తోట, ఆవులు, ఏవీ లేవు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న జ్ఞానరాజు సారు తెల్ల బూట్లతో ఈ బడికి వచ్చారు. అన్నం పొట్లాలు పంచారు, ఫోటో తీయించుకున్నారు, నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. "స్థానికులు పథకం కట్టలను పదేపదే ధ్వంసం చేయడం వల్ల వాలు బలహీనపడి జారింది." రుజువుగా ఈ నెల మొదట్లో నేనిచ్చిన కంప్లయింటు. "నీ ముందుచూపు మనల్ని కాపాడింది వీరేష్" అన్నారు. నేను కింద సంతకం పెడితే చాలు, పర్మనెంటు ఆర్డరు ఆయన సంచీలోనే ఉంది. చూపించారు కూడా. నా పేరు తప్పులేకుండా రాశారు.

ఆ సంతకంతో చౌడ మీద కేసు ఇంకా పెద్దదవుతుంది. ఊరు మునగడానికి ఊరే కారణమవుతుంది. నష్టపరిహారం ఉండదు. పెట్టకపోతే నా ఉద్యోగం ఏమవుతుందో నీకు తెలుసు. వారం గడువిచ్చారు.

చెప్పక్కా, ఏం చేయమంటావు? గిడ్డమ్మ ఈ బడి వరండాలోనే, గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమెకు ఈ కాగితం సంగతి తెలియదు.

వీరేష్


కోయిలకుంట్ల,
జూన్ 30.

తమ్ముడూ,

సంతకం పెట్టొద్దు.

ఆ రోజు కేసు పెట్టమన్నది నేను. నీకు మనసొప్పలేదని రాస్తే పిల్లి సామెత చెప్పి ఎగతాళి చేసింది నేను. ఆ ఊరు చూడలేదు, ఆ మనిషిని చూడలేదు, ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని ఆమెను దొంగను చేశాను. ఈ వారమంతా పడుకుంటే ఆ మాటలే వినబడుతున్నాయి. నాకు సిగ్గుగా ఉందిరా.

నీ ఉద్యోగం పర్మనెంటని ఊరంతా చెప్పుకున్నాను కదా, పోయిందని కూడా నేనే చెప్పుకుంటాను. దాని గురించి నువ్వు ఒక్క నిమిషం ఆలోచించకు. మీ బావ జామీనుకు పొలం పాసుపుస్తకం పెట్టొచ్చా అని వకీలును అడగడానికి నంద్యాల పోయినాడు. వేరే రాష్ట్రమంటే కుదరదేమో, కుదరకపోతే ఇంకేదైనా చూస్తాం.

ఇంటికి రావద్దు. రమ్మని నోటిదాకా వస్తోంది, అయినా వద్దు. ఆ ఇద్దరూ బయటికి వచ్చిందాకా అక్కడే ఉండు.

అక్క


హొసమనె,
జూలై 12.

అక్కకు,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. గడువుకు ముందే స్టేషన్‌కు పోయి నా వాంగ్మూలం రాసిచ్చాను. మేలో చౌడ కోసిన గండ్లు సరైనవి, నేను వాటిని పూడ్పించడం తప్పు, జూన్ పంతొమ్మిదిన కట్టలు కొట్టింది నేను, ఊరివాళ్లను పిలిచింది నేను అని. ఎస్సై రెండుసార్లు చదివి, "నీకేమన్నా పిచ్చా?" అని మర్యాదగానే అడిగాడు. ఇప్పుడు ప్రభుత్వ పని పాడుచేసిన కేసు నా మీద ఉంది. నేను రాసిచ్చిన సెక్షనే, పిలిచినప్పుడల్లా రావాలని సంతకం తీసుకుని వదిలారు. ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది, జ్ఞానరాజు సారు ఆఫీసులో ఇంత వేగంగా ఏ ఫైలూ కదలడం నేను చూడలేదు. రోడ్డు బాగయ్యాక, మొన్న నీ ఉత్తరాలు రెండూ కలిపి అందాయి. దాచుకున్నాను.

నిన్న చౌడనూ, రెండో అతన్నీ వదిలారు. బావకు చెప్పు, పాసుపుస్తకం అక్కర్లేకపోయింది.

చౌడ బస్సు దిగి నేరుగా ఊళ్లోకి వచ్చాడు. గిడ్డమ్మా, నేనూ, ఇంకొందరూ మట్టి మీద ఉన్నాం. అతను వచ్చి నిలబడి అటూ ఇటూ చూశాడు. దారి తప్పాననుకున్నాడేమో, వెనక్కి తిరిగి కొండ గుర్తులు చూసుకున్నాడు. మళ్లీ ఇటు తిరిగి, "ఇల్లు యాడ?" అన్నాడు.

జైల్లో ఉన్నవాడికి ఎవరూ చెప్పలేదక్కా. ఆ సంగతి అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు.

గిడ్డమ్మ నావైపు చూపించి, "ఈయప్పను అడుగు" అంది. అతను నా దగ్గరికి వచ్చి అదే మాట నన్నడిగాడు. నేను చెయ్యెత్తి చూపించాను, ఎర్రమట్టినీ, వంకనూ, అంతే. అతను నన్ను కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

కొట్టి, అక్కడే బురదలో కూలబడి ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చున్నాను. చాలాసేపటి దాకా కూర్చున్నాం. నన్ను లేచి పొమ్మని ఎవరూ అనలేదు.

నీ తమ్ముడు,
వీరేష్